మూత్రసంచి క్యాన్సర్ అనుమానం: ఏ స్కోప్, ఏ వెలుగు, ఏ బయాప్సీ?

నొప్పి లేదు, మంట లేదు, జ్వరం లేదు. ఒక పూట మూత్రం ఎర్రగా వచ్చింది, మర్నాటికి తేటపడింది. మన ఇళ్లలో దీనికి వెంటనే ఒక పేరు పెట్టేస్తారు: వేడి చేసింది. బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, కొబ్బరి బొండాలు మొదలవుతాయి. మూత్రం తేటపడింది కాబట్టి అవే పనిచేశాయని నమ్ముతారు. మూత్రసంచి కణితి నుంచి వచ్చే రక్తం నైజమే అంత, వస్తుంది, ఆగుతుంది, నెలకో ఆరు నెలలకో మళ్లీ వస్తుంది. ఏమీ తాగకపోయినా ఆగేదే. ఆ మధ్యలో పోయే నెలలే చికిత్సను కష్టం చేస్తాయి.

కంటికి కనిపించేంత రక్తం ఒక్కసారి పడినా, వెలుగూ కటకమూ ఉన్న సన్నటి గొట్టాన్ని (స్కోప్) మూత్రం వచ్చే దారిలోంచి పంపి మూత్రసంచి లోపలికి చూడాలి. దీన్నే సిస్టోస్కోపీ అంటారు. నలభై దాటినవాళ్లు, బీడీ, సిగరెట్, చుట్ట తాగేవాళ్లు లేదా ఒకప్పుడు తాగి మానేసినవాళ్లు, అద్దకం రంగులు, రబ్బరు పనుల్లో ఏళ్లు గడిపినవాళ్లు, సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు వాడినవాళ్లు, పొత్తికడుపుకు రేడియేషన్ తీసుకున్నవాళ్లు అయితే మరీ ఆలస్యం చేయకూడదు. 'రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటున్నాను, దానివల్లే' అని సరిపెట్టుకోకండి. ఆ మాత్రలు లోపల దాగి ఉన్న కణితిని కాస్త ముందుగా కారేలా చేసి పట్టించే సందర్భాలు ఉన్నాయి. ఆడవాళ్లకు ఆలస్యం ఇంకా ఎక్కువ అవుతోంది. ఇన్ఫెక్షన్ అని ఒక కోర్సు, అది తగ్గలేదని మరో కోర్సు, ఇలా మూడు నాలుగు కోర్సుల యాంటీబయోటిక్స్ అయ్యాక గానీ యూరాలజిస్టు దగ్గరకు పంపరు. కల్చర్‌లో సూక్ష్మజీవి పెరగకపోయినా, మందు వాడాక కూడా రక్తం కనిపించినా ఇక ఆగకూడదు.

ఎర్రగా కనిపించేదంతా రక్తం కాదు కూడా. టీబీకి రిఫాంపిసిన్ వాడేవాళ్లకు నారింజ రంగులో, బీట్‌రూట్ తిన్నవాళ్లకు ఎరుపులో రావచ్చు. మామూలు మూత్ర పరీక్షలో మైక్రోస్కోప్ కింద ఎర్ర కణాలు ఉన్నాయో లేదో చూస్తే తేలిపోతుంది. కంటికి కనిపించకపోయినా ఒక్కో ఫీల్డ్‌లో మూడు, అంతకంటే ఎక్కువ ఎర్ర కణాలు ఉంటే దాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. రంగు మారే పట్టీ ఒక్కదాన్ని చూసి నిర్ణయించకూడదు.

స్కానింగ్ బాగానే ఉంది, ఇంకా స్కోప్ ఎందుకు?

ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే. పొట్ట మీద చేసే అల్ట్రాసౌండ్ చవక, నొప్పి ఉండదు, దగ్గరి పట్టణంలోనే అయిపోతుంది. మూత్రసంచి బాగా నిండి ఉంటే పెద్ద కణితిని చాలావరకు పట్టుకుంటుంది. అర సెంటీమీటరు లోపువి, ముందు గోడ మీద ఉన్నవి, పెద్ద ప్రోస్టేట్ చాటున మూత్రసంచి మెడ దగ్గర దాగినవి తప్పిపోతాయి. కార్సినోమా ఇన్ సైటు అని ఒక రకం ఉంది, వాడుకలో సీఐఎస్ అంటారు. అది గుబురుగా పైకి లేవదు, లోపలి పొరలోనే చదునుగా పాకుతుంది. గోడ మందం మారదు కాబట్టి అల్ట్రాసౌండ్‌కు దొరకదు. చూడ్డానికి చిన్నదే అయినా స్వభావం చాలా చురుకు.

లేని కణితిని ఉన్నట్టు చూపించే తప్పులూ ఉన్నాయి. సగం నిండిన మూత్రసంచిలో గోడ మడత పడితే కణితిలా కనిపిస్తుంది. రక్తం గడ్డ కూడా అంతే. పక్కకు తిరిగి పడుకోమని మళ్లీ చూస్తే గడ్డ జారుతుంది, కణితి ఉన్నచోటే ఉంటుంది. రిపోర్టులో ఈ మాట లేకపోతే స్కానింగ్ చేసినవాళ్లను అడగవచ్చు.

సీటీ యూరోగ్రామ్, అంటే కాంట్రాస్ట్ అనే మందు రక్తంలోకి ఎక్కించి కిడ్నీలు, మూత్రం దారి కనిపించేలా తీసే సీటీ, దాని పని వేరు. కిడ్నీ లోపల, కిడ్నీ నుంచి దిగే నాళాల లోపల ఉన్నది కూడా మూత్రసంచిలోని పొరే. అక్కడ కణితి ఉన్నా మూత్రంలో రక్తమే వస్తుంది. అందుకే కంటికి కనిపించే రక్తం పడినవాళ్లకు స్కోప్‌తో పాటు సీటీ కూడా రాస్తారు. రెండూ ఒకదాని బదులు ఇంకోటి కావు. కాంట్రాస్ట్ ఎక్కించే ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూసుకోవాలి, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పాలి.

మూత్ర సైటాలజీ, అంటే మూత్రంలో రాలిన కణాలను మైక్రోస్కోప్ కింద చూడటం, హైగ్రేడ్, అంటే చురుగ్గా పెరిగి పాకే రకం కణితుల విషయంలో గట్టి సాక్ష్యం. పాజిటివ్ వస్తే ఎక్కడో ఒకచోట ఉన్నట్టే లెక్క. లోగ్రేడ్, అంటే నెమ్మదిగా పెరిగే రకం కణాలు మామూలు కణాల్లాగే ఉంటాయి, వాటిని సైటాలజీ చాలాసార్లు వదిలేస్తుంది. కాబట్టి నెగటివ్ వచ్చిందని ఊపిరి పీల్చుకోకూడదు. నమూనా ఇచ్చే తీరులోనే చాలా తప్పులు దొర్లుతాయి. లేవగానే వచ్చే మొదటి మూత్రం ఇవ్వకండి, రాత్రంతా అందులో నానిన కణాలు చెడిపోయి ఉంటాయి. రెండోసారి వెళ్లినప్పటిది పట్టి, ఆలస్యం చేయకుండా ల్యాబ్‌కు చేర్చాలి. మూడు వేర్వేరు రోజుల నమూనాలు ఇస్తే దొరికే అవకాశం పెరుగుతుంది. ఎన్‌ఎంపీ22 లాంటి మూత్ర మార్కర్ పరీక్షలు రాళ్లున్నా, ఇన్ఫెక్షన్ ఉన్నా పాజిటివ్ చూపించగలవు. మొదటిసారి రోగ నిర్ధారణకు వీటి మీద డబ్బు పెట్టవద్దనే మా సలహా.

ఇంకో మాట. స్కానింగ్‌లోనో సీటీలోనో కణితి స్పష్టంగా కనిపించేస్తే, విడిగా ముందొక సిస్టోస్కోపీ చేయించుకునే పని చాలామందికి ఉండదు. నేరుగా మత్తు ఇచ్చి, చూడటం, తీయడం ఒకే బల్ల మీద చేసేయవచ్చు. ఒక ఖర్చు, ఒక భయం తగ్గుతాయి. రక్తం పడింది, స్కానింగ్ మాత్రం శుభ్రంగా ఉంది, అలాంటివాళ్లకే ఓపీలో చేసే సిస్టోస్కోపీ నిజంగా ఉపయోగపడేది.

మెత్తటి స్కోపా, గట్టి స్కోపా?

స్కోప్ మందాన్ని ఫ్రెంచ్ లెక్కలో చెబుతారు. మూడు ఫ్రెంచ్ ఒక మిల్లీమీటరు. వంగే స్కోప్, అంటే ఫ్లెక్సిబుల్, సుమారు 15 నుంచి 17 ఫ్రెంచ్, అయిదారు మిల్లీమీటర్లు. గట్టిది, రిజిడ్, 17 నుంచి 22 ఫ్రెంచ్ దాకా ఉంటుంది.

మగవాళ్ల మూత్రనాళం 18 నుంచి 20 సెంటీమీటర్ల పొడవు, పైగా ప్రోస్టేట్ దగ్గర వంపు తిరుగుతుంది. గట్టి గొట్టం ఆ వంపును నిటారు చేస్తూ వెళ్లాలి, నొప్పి అక్కడే. మెత్తటి స్కోప్ వంపుతో పాటు వంగుతుంది. వెల్లకిలా పడుకుంటే చాలు, కాళ్లు ఎత్తి కట్టే పని లేదు. ఖాళీ కడుపు అక్కర్లేదు. అయిదు పది నిమిషాల్లో అయిపోతుంది, తమ కాళ్ల మీద తామే నడిచి బయటికి వస్తారు. కొస 180 డిగ్రీలు దాటి వెనక్కి తిరుగుతుంది కాబట్టి మూత్రసంచి మెడను లోపలి వైపు నుంచి చూడగలదు. మగవాళ్లకు, కేవలం చూడటానికే అయితే, మెత్తటి స్కోప్ దొరికేచోటికి వెళ్లడం మంచిది. ఆడవాళ్ల నాళం సుమారు నాలుగు సెంటీమీటర్లే, నిటారుగా ఉంటుంది. వాళ్లకు సన్నటి గట్టి స్కోప్‌తో మత్తు జెల్లీ మీదే చేసినా పెద్ద తేడా ఉండదు.

గట్టి స్కోప్ గెలిచేది రెండు చోట్ల. రక్తం ఇంకా కారుతుంటే, గడ్డలు నిండి ఉంటే మెత్తటి దాని సన్నటి దారిలోంచి వచ్చే నీళ్లు చాలవు, తెర అంతా ఎర్రబడి ఏమీ కనిపించదు. గట్టి దాని దారి పెద్దది, గడ్డలు కడిగి లాగేయవచ్చు. రెండోది, పరీక్షకు ముక్క తీయడం, అంటే బయాప్సీ. పెద్ద ఫోర్సెప్స్ దూరేది దాంట్లోంచే. అయితే ఒక్క కటకంతో అంతా కనిపించదు. 30 డిగ్రీల కటకంతో వెనక గోడ, కిడ్నీల నుంచి దిగే నాళాల ద్వారాలు చూస్తారు, ముందు గోడకు, మెడకు 70 డిగ్రీలది మార్చాలి. బొడ్డు కింద చేత్తో నొక్కితే పై కప్పు కిందికి దిగి ఎదుటికి వస్తుంది. అక్కడ తేలే గాలి బుడగే పై కప్పుకు గుర్తు.

నొప్పి విషయంలో స్కోప్ రకం ఎంత ముఖ్యమో జెల్లీకి ఇచ్చే సమయమూ అంతే ముఖ్యం. రెండు శాతం లిగ్నోకెయిన్ జెల్లీ మగవాళ్లకు 10 నుంచి 20 మిల్లీలీటర్లు ఎక్కించి, అయిదు నుంచి పది నిమిషాలు ఆగాలి. ఎక్కించిన నిమిషానికే స్కోప్ పెడితే అది జారుడుకే పనికొస్తుంది, మత్తుకు కాదు. స్కోప్ కండర కవాటం దగ్గరికి రాగానే బిగపట్టకండి, మూత్రం పోస్తున్నట్టు వదులు చేయండి. ఆ క్షణంలో నర్సు సెలైన్ సంచిని పిండితే నీటి ఒత్తిడికి నాళం విచ్చుకుని నొప్పి తగ్గుతుంది. పైసా ఖర్చు లేని పని, అడిగి చేయించుకోండి.

వారం రోజుల్లోపు మూత్రం కల్చర్ చూసి ఉండాలి. ఇన్ఫెక్షన్ ఉండగా స్కోప్ పెడితే సూక్ష్మజీవి రక్తంలోకి ఎక్కి చలి జ్వరం వస్తుంది. పైగా వాచి ఎర్రబడ్డ పొరలో ఏది క్యాన్సరో, ఏది ఇన్ఫెక్షనో చూసేవాళ్లకే తెలియదు. అయ్యాక ఒకటి రెండు రోజులు మంట, లేత గులాబీ రంగు మామూలే. 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, గడ్డలు పడటం, మూత్రం బిగిసిపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

తెల్ల వెలుగు, ఎన్‌బీఐ, నీలి వెలుగు

1879లో మాక్స్ నిట్సే వియన్నాలో తన సిస్టోస్కోప్ చూపించినప్పుడు కొసన ప్లాటినం తీగ ఎర్రగా కాలి వెలిగేది, అది లోపల కాల్చకుండా చుట్టూ నీళ్లు పారించేవాళ్లు. ఇప్పుడు వెలుతురు కొరత లేదు. ఏ వెలుగులో ఏది కనిపిస్తుందన్నదే తేల్చుకోవాలి.

మామూలు తెల్ల వెలుగులో ఆరోగ్యంగా ఉన్న పొర లేత గులాబీ రంగులో నున్నగా ఉంటుంది, సన్నటి రక్తనాళాలు ఆకు ఈనెల్లా విడిపోతూ కనిపిస్తాయి. నాళాల ద్వారాల దగ్గర కాసేపు ఆగితే మూత్రం చిన్న చిమ్ములా వచ్చి కలుస్తుంది. ఆ చిమ్ము ఎర్రగా ఉంటే రక్తం కిడ్నీ వైపు నుంచి వస్తోందని అర్థం. లోగ్రేడ్ కణితి చెరువు అడుగున నాచులాగా ఉంటుంది. సన్నటి కాడ మీద వేళ్లలాంటి మొలకలు, నీళ్లు పారినప్పుడల్లా ఊగుతాయి. హైగ్రేడ్ కణితి గట్టిగా, వెడల్పాటి మొదలుతో, చితికినట్టు ఉంటుంది. సీఐఎస్ అయితే ఎర్రటి ముఖమల్ గుడ్డ అతికించినట్టు ఒక మచ్చ, అంతే. ఒక్కోసారి ఆ మచ్చ కూడా కనిపించదు. టీబీ వచ్చిన మూత్రసంచిలో, మూత్రసంచి క్యాన్సర్‌కు లోపలికి ఎక్కించే బీసీజీ మందు వాడాక కూడా సరిగ్గా ఇలాంటి ఎర్ర మచ్చలే ఉంటాయి. మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి చీము కణాలు ఉండి కల్చర్‌లో ఏమీ పెరగని మూత్రాన్ని టీబీ పరీక్షకు కూడా పంపించాలి. కంటితో తేల్చలేరు, ముక్క తీయాల్సిందే.

ఎన్‌బీఐ అంటే నారో బ్యాండ్ ఇమేజింగ్. 415, 540 నానోమీటర్ల వెలుగును మాత్రమే పంపుతారు. రక్తంలోని హిమోగ్లోబిన్ దాన్ని పీల్చుకుంటుంది కాబట్టి రక్తనాళాలు గుబురుగా ఉన్న కణితి ముదురు గోధుమ, పచ్చ రంగుల్లో ఎత్తిచూపినట్టు కనిపిస్తుంది. మందు ఎక్కించక్కర్లేదు, స్కోప్ మీద బటన్ నొక్కితే చాలు, మెత్తటి స్కోప్‌లోనూ ఉంటుంది. లోపం ఏమిటంటే రక్తం కారుతుంటే తెరంతా చీకటి.

నీలి వెలుగుకు ముందుగా మందు కావాలి. హెక్సామినోలెవులినేట్ 85 మిల్లీగ్రాములు 50 మిల్లీలీటర్లలో కలిపి, సన్నటి గొట్టంతో మూత్రసంచిలోకి ఎక్కించి, గంటసేపు ఆపుకోమంటారు. క్యాన్సర్ కణాల్లో దాని నుంచి తయారయ్యే పదార్థం పేరుకుని నీలి వెలుగు కింద ఎర్రగా మెరుస్తుంది. సీఐఎస్ పట్టుకోవడంలో ఇది తెల్ల వెలుగు కంటే మెరుగు. ఇన్ఫెక్షన్ ఉన్నా, ఈమధ్యే బీసీజీ ఎక్కించినా, గోడను ఏటవాలుగా చూసినా అబద్ధపు మెరుపు వస్తుంది. ఎక్కువగా పట్టుకోవడం ఒకటి, రోగం తిరగబెట్టకుండా ఆపడం ఇంకొకటి. బ్రిటన్‌లో జరిగిన ఫోటో అనే పరిశోధన ఫలితాలు 2022లో వచ్చాయి, మూడేళ్లలో తిరగబెట్టడం నీలి వెలుగు వల్ల తగ్గినట్టు అందులో తేలలేదు.

మా అంచనా ఇది. మొదటిసారి రక్తం పడి వచ్చినవాళ్లు తెల్ల వెలుగుతో శ్రద్ధగా చూడగలిగే చోటికి వెళ్తే చాలు, ఎన్‌బీఐ ఉంటే అదనపు లాభం. సైటాలజీ పాజిటివ్ వచ్చి తెల్ల వెలుగులో ఏమీ కనిపించనివాళ్లు, ఇంతకు ముందు హైగ్రేడ్ ఉన్నవాళ్లు నీలి వెలుగు ఉన్న పెద్ద కేంద్రానికి వెళ్లడంలో అర్థం ఉంది. అది దొరకకపోతే దారి మూసుకుపోయినట్టు కాదు, గోడ నాలుగు వైపులా, పై కప్పు, నాళాల ద్వారాల మధ్య భాగం, మగవాళ్లకు ప్రోస్టేట్ దగ్గరి నాళం నుంచి చిన్న ముక్కలు విడివిడిగా తీసి పంపిస్తారు.

ముక్క ఎలా తీయాలి?

ముక్క తీస్తే పాకిపోతుందన్న భయంతో ఇంటికి వెళ్లిపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తీయకపోతే పాకుతుంది. కణితి తీసేటప్పుడు నీళ్లలో తేలే కణాలు గోడకు మరోచోట అంటుకోగలవు, ఆ మాట నిజమే. దానికి విరుగుడు ఉంది, కింద చెబుతాం. భయపడాల్సింది పొట్ట మీద నుంచి సూది గుచ్చి తీసే ముక్క గురించి. కాలేయానికో రొమ్ముకో చేసినట్టు మూత్రసంచి కణితికి సూది బయాప్సీ చేయకూడదు. గోడకు రంధ్రం పడి మూత్రం కారుతుంది, సూది దారి పొడవునా క్యాన్సర్ కణాలు పడతాయి. ఎవరైనా అలా సూచిస్తే యూరాలజిస్టును అడగకుండా ఒప్పుకోకండి.

మూత్రనాళం దారిలోంచి తీయడానికి పద్ధతులు మూడు. మొదటిది కోల్డ్ కప్ బయాప్సీ. చిన్న పట్టకారు లాంటి ఫోర్సెప్స్‌తో రెండు మూడు మిల్లీమీటర్ల ముక్క కొరికి తెస్తారు. కరెంటు వాడరు కాబట్టి కణాలు మాడవు, ప్యాథాలజిస్టుకు బొమ్మ స్పష్టంగా ఉంటుంది. ఎర్ర మచ్చలకు, సీఐఎస్ అనుమానానికి ఇదే సరైనది. లోతు తక్కువ, కండర పొర దాకా చాలాసార్లు చేరదు. మెత్తటి స్కోప్‌లోంచి తీసే ముక్క ఇంకా చిన్నది.

రెండోది టీయూఆర్‌బీటీ. 24 నుంచి 26 ఫ్రెంచ్ రిసెక్టోస్కోప్‌లోంచి తీగ ఉచ్చుతో కణితిని చెక్కినట్టు ముక్కలు ముక్కలుగా కోసి తీస్తారు. గుబురుగా కనిపించే ప్రతి కొత్త కణితికీ ఇదే బయాప్సీ, ఇదే మొదటి చికిత్స. ముందు ఓపీలో చిన్న ముక్క, వారం తర్వాత రిపోర్టు, ఆ తర్వాత టీయూఆర్‌బీటీ అని రెండు మెట్లు ఎక్కించడం చాలాసార్లు అనవసరం. ఆ చిన్న ముక్కలో లోతు తెలియదు కాబట్టి ఎలాగూ రెండోది చేయాల్సిందే.

మూడోది ఎన్ బ్లాక్. మూడు సెంటీమీటర్ల లోపు కణితిని చుట్టూ గీత గీసి, లేజర్‌తోనో తీగతోనో కండర పొరతో సహా ఒకే ముక్కగా లేపుతారు. అంచులు, లోతు ప్యాథాలజిస్టుకు తేలిగ్గా అర్థమవుతాయి. అలవాటైన చేయి ఉన్నచోట చిన్న కణితికి దీన్ని ఎంచుకోవచ్చు. పెద్దదైతే ఒకే ముక్కగా బయటికి లాగడమే కష్టం.

ఈ మూడింటిలో ఏది చేసినా అసలు పరీక్ష ఒక్కటే: కండర పొర ముక్కలో వచ్చిందా? గోడకు లోపలి నుంచి వరసగా సన్నటి పొర, దాని కింద మెత్తటి కణజాలం, తర్వాత డీట్రూసర్ అనే మందపాటి కండరం, ఆపై కొవ్వు ఉంటాయి. లోపలి పొరకే పరిమితమైతే టీఏ, మెత్తటి కణజాలంలోకి దిగితే టీ1, కండరంలోకి దిగితే టీ2. టీ1 దాకా మూత్రసంచిని నిలుపుకుని, లోపలికి మందులు ఎక్కించి నడిపించే వీలు ఎక్కువ. టీ2 అయితే మూత్రసంచి తీసేయడమో, కీమోతో కలిపి రేడియేషనో అన్న మాట వస్తుంది. కొత్తగా బయటపడేవాటిలో నూటికి సుమారు 75 కండరం దాకా వెళ్లనివే. మీది ఏ వైపు ఉందో చెప్పేది ఆ కొద్దిపాటి కండరమే. అందుకే మంచి సర్జన్ పైకి లేచిన భాగం కోశాక, మొదలు నుంచి ఇంకో లోతైన ముక్క విడిగా తీసి, అంచులది ఇంకో సీసాలో వేస్తారు. అన్నీ కలిపి ఒకే డబ్బాలో పోస్తే ఏది పైది, ఏది లోతుదో ఎవరూ చెప్పలేరు.

పక్క గోడ మీద కణితి ఉంటే మత్తు గురించి ముందే అడగండి. ఆ గోడ వెనకే అబ్ట్యురేటర్ నరం వెళ్తుంది. కరెంటు తగిలితే తొడ ఒక్కసారిగా దగ్గరికి ఎగిరిపడుతుంది, తీగ గోడను చీల్చి రంధ్రం పడుతుంది. వెన్నులో ఇచ్చే మత్తు ఈ కదలికను ఆపదు. పూర్తి మత్తు ఇచ్చి కండరాలు వదులు చేసే మందు వేయాలి, లేదా ఆ నరానికి విడిగా సూది వేయాలి. కరెంటును ఉచ్చు దగ్గరే తిప్పే బైపోలార్ యంత్రంతో ప్రమాదం తగ్గినా పూర్తిగా పోదు. బైపోలార్‌కు ఇంకో లాభం, సెలైన్‌తోనే కడగవచ్చు. పాత మోనోపోలార్‌కు గ్లైసిన్ నీళ్లు కావాలి, అవి ఎక్కువగా రక్తంలోకి చేరితే సోడియం పడిపోతుంది. మూత్రసంచిని మరీ ఉబ్బేలా నింపినా గోడ పల్చబడి రంధ్రం పడే అవకాశం పెరుగుతుంది, వయసు మళ్లిన ఆడవాళ్లలో మరీ జాగ్రత్త.

తేలే కణాలకు విరుగుడు అన్నది ఇదే. ఆపరేషన్ అయిన 24 గంటల్లోపు, వీలైతే ఆరు గంటల్లోనే, మైటోమైసిన్ అనే కీమో మందు 40 మిల్లీగ్రాములు సెలైన్‌లో కలిపి గొట్టంలోంచి ఎక్కించి సుమారు గంటసేపు ఉంచుతారు. లోగ్రేడ్‌లా కనిపించే కణితులకు దీని లాభం ఎక్కువ. రంధ్రం పడిందన్న అనుమానం ఉన్నా, రక్తం ఆగక నీళ్లతో కడుగుతూ ఉన్నా వేయకూడదు, మందు పొట్టలోకి కారితే ప్రమాదం. ఆపరేషన్ ముందు రోజే మందు తెప్పించి ఉంచారా అని అడగడం మంచిది.

రక్తం గడ్డకట్టకుండా వాడే క్లోపిడోగ్రెల్ లాంటి మాత్రలు టీయూఆర్‌బీటీకి ముందు అయిదు నుంచి ఏడు రోజులు ఆపమంటారు. గుండెకు స్టెంట్ వేసినవాళ్లు సొంతంగా ఆపకండి, గుండె డాక్టరూ యూరాలజిస్టూ మాట్లాడుకున్నాకే. మెత్తటి స్కోప్‌తో చూడటానికి మాత్రమే అయితే మామూలుగా ఆపక్కర్లేదు. కణితి పెద్దగా ఉండి కండరంలోకి దిగిందన్న అనుమానం ఉంటే ఎంఆర్ఐ టీయూఆర్‌బీటీకి ముందే చేయించుకోవాలి. కోశాక వచ్చే వాపు లోతును తప్పుగా చూపిస్తుంది, అప్పుడు కనీసం రెండు వారాలు ఆగాలి. ఎంఆర్ఐలో వీఐ-రాడ్స్ అని 1 నుంచి 5 దాకా మార్కు ఇస్తారు, 4, 5 అంటే కండరం అనుమానం బలంగా ఉన్నట్టు.

ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేయించుకునేవాళ్లు ముక్క పరీక్ష, మైటోమైసిన్ ప్యాకేజీలో కలుస్తాయో లేదో చేరకముందే ఆరోగ్యమిత్రను అడగాలి. డిశ్చార్జి రోజున తెలిస్తే ముక్క పరీక్షను వాయిదా వేసే ఇళ్లు ఉన్నాయి, అది చేయకూడని పొదుపు.

సీసా నుంచి రిపోర్టు దాకా

ముక్కలు పది శాతం ఫార్మలిన్‌లో వేయాలి, ముక్క పరిమాణానికి కనీసం పది రెట్లు ద్రవం ఉండాలి. సెలైన్‌లో వేసి రాత్రంతా ఉంచితే కణాలు ఉబ్బి చెడిపోతాయి. ముక్కను చాలా ఆస్పత్రుల్లో బంధువుల చేతికే ఇచ్చి ల్యాబ్‌కు పంపిస్తారు. ఆ సీసా తీసుకునేటప్పుడు పేరు, ఐపీ నంబరు, ఏ గోడ నుంచి తీశారో లేబుల్ మీద ఉన్నాయో లేదో చూడండి. మూత బిగించి, ఎండలో పెట్టకుండా, అదే రోజు ఇవ్వండి. రెండు మూడు సీసాలుంటే అన్నీ ఇచ్చారో లేదో రసీదులో సరిచూసుకోండి. ఇంతకు ముందు బీసీజీ, రేడియేషన్ తీసుకుని ఉంటే ఆ మాట ఫారంలో ఉండాలి. అది తెలియకపోతే వాపు వల్ల మారిన కణం క్యాన్సర్‌లా కనిపించవచ్చు.

రిపోర్టు వచ్చాక గ్రేడ్, లోతు, సీఐఎస్ తోడుగా ఉందా, రక్తనాళాల్లోకి చొరబడిందా, మైక్రోపాపిల్లరీ, ప్లాస్మాసైటాయిడ్ లాంటి అరుదైన రూపమా అన్నవి చూడాలి. వీటికంటే ముందు కండరం గురించిన వాక్యం వెతకండి. 'మస్క్యులారిస్ ప్రోప్రియా ప్రెజెంట్, అన్‌ఇన్వాల్వ్‌డ్' అని ఉంటే కండరం వచ్చింది, అందులో క్యాన్సర్ లేదు. 'నాట్ ప్రెజెంట్' అని ఉంటే లోతు ఇంకా తెలియదని అర్థం, క్యాన్సర్ పైపైనే ఉందని కాదు. వట్టిగా 'మజిల్' అని రాసి ఉంటే ఏ కండరమో అడిగించాలి. మెత్తటి కణజాలంలోనూ మస్క్యులారిస్ మ్యూకోసే అనే సన్నటి పోగులు ఉంటాయి, వాటిని అసలు కండరంగా పొరబడితే టీ1ని టీ2గా చదివేసే ప్రమాదం ఉంది.

టీ1 వచ్చినా, మొదటిసారి మొత్తం తీయలేకపోయినా, ముక్కలో కండరం రాకపోయినా రెండు నుంచి ఆరు వారాల్లో మళ్లీ టీయూఆర్‌బీటీ చేస్తారు. టీఏ లోగ్రేడ్‌కు, సీఐఎస్ ఒక్కటే ఉన్నవాళ్లకు కండరం రాలేదన్న కారణంతో మళ్లీ చేయరు. రెండోసారి అనగానే మొదటి డాక్టరు తప్పు చేశాడని అనుకోకండి. మిగిలిపోయిన కణితి, దాగి ఉన్న లోతు బయటపడేది చాలాసార్లు ఈ రెండో విడతలోనే. మూత్రసంచి తీసేయాలన్న మాట వస్తే, అంత పెద్ద నిర్ణయానికి ముందు స్లైడ్లు, ముక్కను మైనంలో దాచిన పారాఫిన్ బ్లాకులు ల్యాబ్ నుంచి అడిగి తీసుకుని, క్యాన్సర్ ఆస్పత్రిలో యూరాలజీ ముక్కలు రోజూ చూసే ప్యాథాలజిస్టుతో మళ్లీ చదివించండి. హైదరాబాద్‌లో నిమ్స్, ఎంఎన్‌జే, విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి, తిరుపతిలో స్విమ్స్ లాంటి చోట్లకు బ్లాకులు పట్టుకెళ్తే కొత్తగా ముక్క కోయించుకునే అవసరం సాధారణంగా ఉండదు.

ఆ తర్వాత మొదటి తనిఖీ స్కోప్ మూడు నెలలకు. అది శుభ్రంగా ఉంటే తక్కువ ప్రమాదం ఉన్నవాళ్లకు ఏడాది నిండాక ఒకటి, ఆపై ఏటా ఒకటి చొప్పున అయిదేళ్ల దాకా. హైగ్రేడ్ వాళ్లకు రెండేళ్లపాటు ప్రతి మూడు నెలలకు, అయిదేళ్ల దాకా ఆరు నెలలకోసారి, తర్వాత ఏటా. ఇన్నిసార్లు చేయించుకోవాల్సినవాళ్లు మెత్తటి స్కోప్ ఉన్నచోటే నమోదు చేసుకోవడం మేలు. స్కోప్‌ను దేంతో శుద్ధి చేస్తున్నారో కూడా అడగండి. ఆర్థోథాలాల్డిహైడ్, అంటే ఓపీఏ ద్రావణంతో శుద్ధి చేసిన స్కోప్‌లను మూత్రసంచి క్యాన్సర్ చరిత్ర ఉన్నవాళ్లకు వాడవద్దని సైడెక్స్ ఓపీఏ అనే ఆ ద్రావణం బ్రాండు లేబుల్ మీదే హెచ్చరిక ఉంది. పదేపదే సిస్టోస్కోపీ చేయించుకున్నవాళ్లలో కొందరికి ప్రాణం మీదకు వచ్చే అలెర్జీలు వచ్చాకే ఆ హెచ్చరిక పెట్టారు. గ్లూటరాల్డిహైడ్‌తోనో ప్లాస్మా యంత్రంతోనో శుద్ధి చేసిన స్కోప్ కావాలని, లేదా ఒక్కసారి వాడి పారేసే స్కోప్ ఉందా అని అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడిగి, ఆ మాట కేస్ షీట్ మీద రాయించండి.